హీబ్రూ, గ్రీకు రాకుండానే ఒక కీర్తనను లోతుగా చదవడం ఎలా?

కీర్తనల గురించి తరచూ వచ్చే ప్రశ్నలు మూడు. "మా బైబిల్లో 51వ కీర్తన అని ఉన్నది పాత లాటిన్ పుస్తకాల్లో 50 అని ఉంది, ఎవరిది తప్పు?" అనేది మొదటిది. "హెబ్రీ పత్రిక 10:5లో 'నాకొక శరీరమును అమర్చితివి' అని కీర్తన మాటలు ఉన్నాయి. తీరా 40వ కీర్తన తెరిస్తే అక్కడ చెవులు కనిపిస్తున్నాయి, శరీరం ఏమైంది?" అనేది రెండోది. మూడోది కాస్త టెన్షన్‌తో అడుగుతారు: "145వ కీర్తనలో ఒక వచనం తీసేశారట, నిజమేనా?"

ఈ మూడింటికీ జవాబు మీరే వెతుక్కోవచ్చు. బైబిల్ కాలేజీకి వెళ్లక్కర్లేదు. కింది క్రమంలో ఒక కీర్తనను పట్టుకుని కూర్చుంటే చాలు. క్రమం మాత్రం మార్చకండి. చాలామంది నేరుగా ఆరో మెట్టుకు దూకి "అనువాదం తప్పు" అని తేల్చేస్తారు. అక్కడ కనిపించిన తేడాల్లో సగం మొదటి మెట్టులోనే తేలిపోయేవి.

కావలసినవి

- మీరు రోజూ చదివే తెలుగు బైబిల్. ప్రొటెస్టెంట్ సంఘాల్లో వాడే పాత తెలుగు అనువాదమైతే మంచిది. ఈ వ్యాసంలో ఎత్తిరాసిన మాటలు దానిలోవే.
- ఇంకొక తెలుగు అనువాదం. ప్రొటెస్టెంట్లయితే క్యాథలిక్ అనువాదం, క్యాథలిక్కులైతే పాత అనువాదం తెచ్చుకోండి. పక్కింటివాళ్లను అడిగినా దొరుకుతుంది.
- అడుగున నోట్స్ ఉన్న ఇంగ్లీషు బైబిల్ ఒకటి. ఫోన్ యాప్‌లో ఉన్నదైనా సరే, కానీ ఫుట్‌నోట్లు కనిపించాలి. కొన్ని యాప్‌లలో వాటిని సెట్టింగ్స్‌లో ఆన్ చేయాల్సి ఉంటుంది.
- గ్రీకు కీర్తనలకు (క్రీస్తుకు పూర్వమే హీబ్రూ నుంచి గ్రీకులోకి మార్చినవి) ఒక ఇంగ్లీషు అనువాదం. 19వ శతాబ్దంలో బ్రెంటన్ చేసినది ఉచితంగా దొరుకుతుంది. లాటిన్ కోసం డూయె-రైమ్స్ అనే పాత క్యాథలిక్ ఇంగ్లీషు బైబిల్ చూడవచ్చు.
- నోటు పుస్తకం, రెండు రంగుల పెన్నులు.

ఇంగ్లీషు కష్టమనుకుంటే మొదటి రెండూ చాలు. కొత్త నిబంధనలో ఉన్న కీర్తన వచనాలే గ్రీకు కిటికీలా పనికొస్తాయి. అదెలాగో ఆరో మెట్టులో చెబుతాను.

1. ముందు నంబరు సరిచూసుకోండి

మొత్తం 150 కీర్తనలు. హీబ్రూ ప్రతుల్లోనూ అంతే, గ్రీకులో ప్రధాన లెక్కా అంతే. కానీ మధ్యలో కలిపిన చోటు, విడదీసిన చోటు వేరు. పట్టిక ఇది (ఎడమవైపు హీబ్రూ, కుడివైపు గ్రీకు-లాటిన్ లెక్క):

- 1 నుంచి 8: రెండిటిలోనూ ఒకటే
- 9, 10: గ్రీకులో కలిసి 9
- 11 నుంచి 113: గ్రీకులో ఒకటి తక్కువ (10 నుంచి 112)
- 114, 115: కలిసి 113
- 116: రెండు ముక్కలై 114, 115 (9వ వచనం తరువాత విరుగుతుంది)
- 117 నుంచి 146: ఒకటి తక్కువ (116 నుంచి 145)
- 147: రెండు ముక్కలై 146, 147 (11వ వచనం తరువాత)
- 148 నుంచి 150: మళ్లీ ఒకటే

మీ చేతిలోని పుస్తకం ఏ లెక్కలో ఉందో తెలుసుకోవాలంటే "యెహోవా నా కాపరి" ఎక్కడుందో చూడండి. 23లో ఉంటే హీబ్రూ లెక్క, 22లో ఉంటే గ్రీకు లెక్క. ఇప్పటి క్యాథలిక్ ఆరాధన పుస్తకాల్లో కొన్నిటిలో రెండు నంబర్లూ వేసి ఒకదాన్ని బ్రాకెట్లో ఇస్తారు. 51, 50 గొడవ ఇక్కడితో అయిపోయింది.

ఎవరిది ఒప్పు అంటారా? 9, 10 కీర్తనల్లో హీబ్రూ అక్షరమాల క్రమం మొదటిదానిలో మొదలై రెండోదానిలో కొనసాగుతుంది, కాబట్టి ఆ రెంటినీ కలిపిన గ్రీకు పక్షం బలంగా ఉంది. 42, 43 సంగతి ఇంకా విచిత్రం. "నా ప్రాణమా" అంటూ తనను తాను ప్రశ్నించుకునే పల్లవి 42:5, 42:11, 43:5లలో ఒకే రకంగా వస్తుంది. చూడగానే ఒకే పాట అని తెలుస్తుంది, అయినా హీబ్రూ, గ్రీకు రెండూ వాటిని విడిగానే లెక్కపెట్టాయి. నంబర్లు పాటతో పాటు పుట్టినవి కావు, తరువాత వేసినవి. వాటి మీద వాదన పెట్టుకోవద్దు.

*జాగ్రత్త:* వచనాల నంబర్లు కూడా జరుగుతాయి. హీబ్రూలో పొడవైన శీర్షికను కూడా వచనంగా లెక్కిస్తారు. 51వ కీర్తనలో శీర్షికే రెండు వచనాలు, కాబట్టి మన 51:1 అక్కడ 51:3. యూదుల ప్రచురణ లేదా కొన్ని క్యాథలిక్ ప్రచురణలు చూస్తున్నప్పుడు వచనం దొరక్కపోతే ఒకటి రెండు వచనాలు కిందకు వెళ్లి చూడండి. సిరియా భాషలోని పెషిట్టా అనే పాత అనువాదం లెక్క ఇంకో దారి: అందులో 9, 10 విడిగానే ఉంటాయి, 114, 115 మాత్రం కలుస్తాయి.

2. శీర్షిక చదవండి, కానీ దాని మీద ఇల్లు కట్టకండి

"ప్రధానగాయకునికి", "దావీదు కీర్తన", "యాత్రకీర్తన" లాంటి చిన్న అక్షరాల మాటలను చాలామంది దాటేస్తారు. దాటవద్దు. అవి ఈ కాలం ప్రచురణకర్తలు పెట్టిన ఉపశీర్షికలు కావు, హీబ్రూ ప్రతుల్లోనే ఉన్నవి. 150లో 116 కీర్తనలకు ఇలాంటి శీర్షిక ఉంది, 73 కీర్తనలకు దావీదు పేరు ఉంది.

అయితే "దావీదు కీర్తన" అనేచోట హీబ్రూలో ఉన్నది ఒక చిన్న ఉపసర్గ, దావీదు పేరు. అది దావీదు రాసినది కావచ్చు, దావీదు కోసం రాసినది కావచ్చు, దావీదు పేర ఉన్న సంకలనంలోది కావచ్చు. పైగా గ్రీకు అనువాదంలో శీర్షికలు పెరిగాయి. 95వ కీర్తన మీ బైబిల్లో చూడండి, దావీదు పేరు ఉండదు. కానీ హెబ్రీ 4:7 అదే కీర్తనను ఎత్తుతూ దావీదు పేరు చెబుతుంది. గ్రీకులో ఆ కీర్తనకు దావీదు శీర్షిక ఉంది. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చిన 137వ కీర్తనకు కూడా గ్రీకు ప్రతులు చాలావాటిలో దావీదు పేరు తగిలించారు. చెర దావీదుకు కొన్ని వందల ఏళ్ల తరువాతి సంగతి! శీర్షికను గౌరవించండి, కానీ "ఇది ఫలానా సంవత్సరంలో ఫలానా గుహలో రాశాడు" అని దాని ఆధారంగా కథ అల్లకండి.

ఇక "సెలా". కీర్తనల్లో 71 చోట్ల వస్తుంది, హబక్కూకులో మరో 3 చోట్ల. దాని అర్థం ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. గ్రీకు అనువాదకులు దానికి పాట మధ్య విరామం లాంటి అర్థం వచ్చే మాట పెట్టారు. మీరు చేయాల్సిందల్లా ఒక్కటే: సెలా వచ్చిన చోట గీత గీసి, దానికి ముందు ఏమైంది, తరువాత ఏం మారింది అని చూడండి. ఆ మాట మీదే అరగంట ప్రసంగం చేయడం మాత్రం మానుకోండి.

3. పంక్తులను జంటలుగా కట్టండి

నోటు పుస్తకంలో కీర్తనను చేత్తో రాయండి. ఒక్కో వచనాన్ని రెండు (కొన్నిసార్లు మూడు) పంక్తులుగా విడగొట్టండి. ఇలా:

ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి
అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది (19:1)

రెండో పంక్తి మొదటిదాన్నే ఇంకో మాటల్లో చెబుతోంది. కొన్నిచోట్ల ఎదురు చెబుతుంది: 1:6లో మొదట నీతిమంతుల మార్గం, వెంటనే దుష్టుల మార్గం. ఇంకొన్నిచోట్ల మొదటి పంక్తి సగంలో ఆగితే రెండోది పూర్తి చేస్తుంది. ఒక రంగు పెన్నుతో జతపడే మాటలను కలపండి, రెండో రంగుతో రెండో పంక్తిలో కొత్తగా వచ్చిన మాట ఏదో దాని కింద గీత గీయండి. ఆ కొత్త మాటలోనే సాధారణంగా కవి ఒత్తిడి ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, కానీ అందరూ చేసేదే: రెండు పంక్తుల్లో రెండు వేర్వేరు సత్యాలు ఉన్నాయనుకోవడం. ఆకాశం వేరు, అంతరిక్షం వేరు అని తీసి రెంటికీ రెండు రహస్యార్థాలు చెప్పేవాళ్లున్నారు. అది జంట. జంటగానే చదవండి.

4. ఎవరు మాట్లాడుతున్నారో గుర్తు పెట్టండి

మార్జిన్‌లో మూడు గుర్తులు చాలు: "నే" (ఒక్కడు మాట్లాడుతున్నాడు), "మే" (జనం), "దే" (దేవుడు మాట్లాడుతున్నాడు). "నీవు" అని ఎవరిని పిలుస్తున్నారో కూడా రాసుకోండి.

121వ కీర్తనతో మొదలుపెట్టండి. మొదటి రెండు వచనాల్లో "నా కన్నులు", "నాకు సహాయము". మూడో వచనం నుంచి చివరిదాకా "నీ". మాట్లాడేవాడు మారాడు. యాత్రకు బయల్దేరేవాడు ఒకడు, వాడికి ధైర్యం చెప్పే గొంతు ఇంకొకటి. ఈ మార్పు పట్టుకోకపోతే ఆ కీర్తన సగం అందదు.

తరువాత 24. ఇది నిజంగా చూడాల్సింది. "గుమ్మములారా, మీ తలలు పైకెత్తికొనుడి" అని ఒక గొంతు. "మహిమగల యీ రాజు ఎవడు?" అని ఇంకో గొంతు. జవాబు వస్తుంది. మళ్లీ అదే పిలుపు, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ జవాబు. పై భాగంలో, 3వ వచనంలో, యెహోవా పర్వతానికి ఎక్కదగినవాడెవడు అనే ప్రశ్న, 4లో దానికి జవాబు. ఊరేగింపు ద్వారం దగ్గరకు వచ్చి ఆగినట్టు, లోపలివాళ్లు అడుగుతున్నట్టు, బయటివాళ్లు చెబుతున్నట్టు వినిపిస్తుంది. ఒంటరిగా మనసులో చదువుకుంటే ఇది వింత పునరుక్తి. ఇద్దరు కలిసి వంతులవారీగా పైకి చదివి చూడండి, ఎందుకు రెండుసార్లు అడుగుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

*కలిసి చదివేవాళ్లు లేకపోతే:* ఫోన్‌లో ప్రశ్నలు రికార్డ్ చేసి, వినిపించినప్పుడల్లా జవాబు మీరు పైకి చెప్పండి. కాస్త తమాషాగా అనిపిస్తుంది గానీ పనిచేస్తుంది.

5. ఆరాధనలో ఎక్కడ వాడారో వెతకండి

కీర్తన అర్థం దాని మాటల్లో ఎంత ఉందో, దాన్ని ఎప్పుడు, ఎవరు పాడారన్నదానిలో అంత ఉంది. ఈ మెట్టుకు సమయం ఎక్కువ ఇవ్వండి. మూడు చోట్ల వెతకాలి.

*మొదట దేవాలయం.* యూదుల మిష్నా గ్రంథంలో యెరూషలేము దేవాలయంలో లేవీయులు ఏ రోజు ఏ కీర్తన పాడేవారో జాబితా ఉంది: ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతి దినం 92. హీబ్రూ బైబిల్లో ఈ ఏడింటిలో 92కి మాత్రమే విశ్రాంతి దినం అనే శీర్షిక ఉంది. గ్రీకు అనువాదం తీస్తే 24కి వారంలో మొదటి రోజు అనీ, 48కి రెండో రోజు అనీ, 94కి నాలుగో రోజు అనీ శీర్షికల్లో కనిపిస్తుంది (గ్రీకు లెక్కలో 23, 47, 93 కింద చూడాలి, మొదటి మెట్టు గుర్తుందిగా). అనువాదకులు మాటలతో పాటు వాడుకను కూడా మోసుకొచ్చారన్నమాట. పాత అనువాదాలు ఎందుకు చూడాలి అని అడిగేవాళ్లకు నేను ముందు చూపించేది ఇదే. చాలామంది గ్రీకును తప్పులు వెతకడానికి తెరుస్తారు, దానిలో పెద్ద లాభం ఇలాంటి చోట ఉంది.

120 నుంచి 134 వరకు పదిహేను యాత్రకీర్తనలు. దేవాలయంలో రెండు ఆవరణల మధ్య పదిహేను మెట్లు ఉండేవనీ, పర్ణశాలల పండుగలో లేవీయులు ఆ మెట్ల మీద వాద్యాలతో నిలబడేవారనీ మిష్నా ఈ కీర్తనలతో జత చేసి చెబుతుంది.

*తరువాత ఇల్లు, సమాజమందిరం.* 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలను హల్లేల్ అంటారు. పస్కా భోజనంలో కొన్ని ముందు, మిగతావి తరువాత పాడతారు. మత్తయి 26:30లో భోజనం తరువాత "కీర్తన పాడి ఒలీవలకొండకు వెళ్లిరి" అన్నది ఇవే అయ్యుంటాయని చాలామంది పండితులు భావిస్తారు. అలా అనుకుని 118ని మళ్లీ చదవండి. 2, 3, 4 వచనాల్లో ఎవరెవరు పలకాలో పిలుపులున్నాయి: ఇశ్రాయేలీయులు, అహరోను వంశస్థులు, యెహోవాకు భయపడేవారు. చివర్లో బలిపీఠం, ఊరేగింపు కూడా కనిపిస్తాయి. మట్టలాదివారం వినే హోసన్నా 118:25లోని "రక్షించు" అనే మొర నుంచి వచ్చినదే.

*చివరగా చర్చి.* క్యాథలిక్ పూజలో మొదటి పఠనం తరువాత భక్తి కీర్తన వస్తుంది, పల్లవిని జనం అందుకుంటారు. తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో పాస్టరుగారు ఒక వచనం, సంఘం ఒక వచనం చదవడం చాలాచోట్ల అలవాటు. 136 ఇలా చదవడానికే పుట్టిందనిపిస్తుంది, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును". పాశ్చాత్య మఠాల్లో బెనెడిక్ట్ నియమం ప్రకారం వారంలో 150 కీర్తనలూ పూర్తి చేసేవారు. ఆర్థడాక్స్ సంఘాలు కీర్తనల పుస్తకాన్ని 20 భాగాలు చేసుకుని వారంలో చదువుతాయి. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం వాటిని నెల రోజుల ఉదయ సాయంత్రాలకు పంచింది.

*జాగ్రత్త:* ఆరాధనలో చదివేది తరచూ ఎంపిక చేసిన ముక్క. 137ని తపస్సుకాలంలో పూజలో చదివేటప్పుడు 6వ వచనం దగ్గర ఆపేస్తారు, శిశువుల గురించిన ఆ భయంకరమైన చివరి మాట రాదు. క్యాథలిక్ ప్రార్థన గడియల పుస్తకం 1970ల సంస్కరణలో 58, 83, 109 కీర్తనలను వదిలేసింది. ఎందుకు వదిలారో అర్థం చేసుకోవచ్చు. కానీ మీరు అధ్యయనానికి కూర్చున్నప్పుడు ఆ ముక్క కూడా చదవండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు వచనం లేదు. దానికి మనం ఓదార్పు అతికించక్కర్లేదు.

6. ఇప్పుడు పాత అనువాదాలతో పోల్చండి

తెలియాల్సినంత నేపథ్యం ఇది. క్రీస్తుకు పూర్వమే అలెగ్జాండ్రియా యూదులతో మొదలైన గ్రీకు అనువాదాన్ని సెప్టువజింట్ అంటారు. కొత్త నిబంధన రచయితలు కీర్తనలను ఎక్కువగా దాని నుంచే ఎత్తారు. సిరియా భాషలోది పెషిట్టా, కేరళ సిరియన్ సంఘాల ఆరాధన వారసత్వం ఆ భాషదే. అరామిక్‌లోది తర్గుము. లాటిన్‌లో జెరోము అనే పండితుడు కీర్తనలను గ్రీకు నుంచి ఒకసారి సరిదిద్దాడు, హీబ్రూ నుంచి ఇంకోసారి అనువదించాడు. జనం నోట నానిన గ్రీకు మూలపు రూపమే వల్గేట్ అనే లాటిన్ బైబిల్లో నిలిచింది. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

(క) మీ బైబిల్‌తోనే మొదటి పరీక్ష. 8:5 తెరవండి. "దేవునికంటె వానిని కొంచెము తక్కువవానిగా" అని ఉంటుంది. హెబ్రీ 2:7 తెరవండి, "దేవదూతలకంటె". హీబ్రూలో ఉన్న మాట దేవునికీ, దైవ లోకపు జీవులకూ కూడా వాడేది. గ్రీకు అనువాదకులు దూతలు అని తీసుకున్నారు. తెలుగు అనువాదకుడు కీర్తనలో హీబ్రూను, పత్రికలో గ్రీకును నమ్మకంగా అనుసరించాడు. తప్పు ఎక్కడా లేదు.

(ఖ) రెండో పరీక్ష. 40:6, హెబ్రీ 10:5. హీబ్రూలో అక్షరాలా చూస్తే "నాకు చెవులు తవ్వావు" అని ఉంటుంది, వినే చెవి ఇచ్చావని భావం. మన పాత అనువాదం చెవులు నిర్మించావని చెప్పింది. గ్రీకు ప్రధాన ప్రతుల్లో "శరీరం సిద్ధం చేశావు". ఎలా వచ్చింది? చెవి అనే భాగంతో మొత్తం మనిషిని సూచించి ఉంటారని కొందరి మాట. గ్రీకు అక్షరాలు చూసి రాసేటప్పుడు పడ్డ పొరపాటని ఇంకొందరిది. విచిత్రమేమిటంటే వల్గేట్ కీర్తనల్లో చెవులే ఉన్నాయి.

(గ) మూడోది, వివాదం ఉన్నది. 22:16. మన బైబిల్లో చేతులను, పాదాలను పొడిచారు అని ఉంటుంది. ప్రామాణిక హీబ్రూ ప్రతుల్లో ఆ చోట క్రియ లేకుండా "సింహంలా నా చేతులు, నా పాదాలు" అని ఉంది. గ్రీకులో "తవ్వారు". హీబ్రూలో ఇది పదం చివర ఒక్క అక్షరం తేడా, ఆ రెండు అక్షరాలూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకటి కాస్త పొడవు. యూదయ ఎడారిలో నహల్ హెవెర్ గుహలో దొరికిన ఒక ప్రతిలో పొడవైన అక్షరమే కనిపిస్తోంది, అంటే గ్రీకు వైపు మొగ్గు. దీన్ని పట్టుకుని "యూదులు మార్చేశారు" అని ఆరోపించడం దారుణం. అలా ఒక వైపుకు నిందవేసే వీడియోలను పక్కన పెట్టండి. ఇంకో సంగతి: కొత్త నిబంధన ఈ వచనాన్ని నేరుగా ఎత్తలేదు. అది ఎత్తినవి మొదటి వచనం, వస్త్రాలు పంచుకున్న 18వ వచనం లాంటివి.

ప్రతి తేడాకూ నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి: హీబ్రూను అనుసరించిన తెలుగు, గ్రీకు, లాటిన్ లేదా సిరియా, తేడా రకం. రకం కింద వీటిలో ఒకటి రాయండి: నంబరు తేడా, శీర్షిక తేడా, ఒకే మాటకు రెండు అర్థాలు, అక్షరం తేడా, మొత్తం పంక్తే ఎక్కువ తక్కువ. రకం రాయలేకపోతే ఆ తేడా గురించి ఎక్కడా మాట్లాడకండి.

*జాగ్రత్త:* పాత ప్రతి అయినంత మాత్రాన సరైన ప్రతి అని కాదు. గ్రీకు బైబిల్ పెద్ద ప్రతులు 4వ శతాబ్దంవి. ఇప్పుడు చేతిలో ఉన్న పూర్తి హీబ్రూ బైబిళ్లలో అన్నిటికంటే పాతదైన లెనిన్‌గ్రాడ్ ప్రతి దాదాపు 1008 నాటిది. అయినా గ్రీకు అనువాదమే, హీబ్రూ మూలభాష. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో బయటపడ్డ చుట్టలు చాలాచోట్ల ఆ తరువాతి హీబ్రూ ప్రతులను బలపరిచాయి, కొన్నిచోట్ల గ్రీకును.

7. సాధన: 145వ కీర్తన

పైవన్నీ ఒకేచోట పనికొచ్చే కీర్తన ఇది. వచనాలు లెక్కపెట్టండి: 21. హీబ్రూ అక్షరాలు 22. ఈ కీర్తన అక్షరమాల క్రమంలో కట్టినది, ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. (అలాంటి కట్టుబడి తెలుగులో కనిపించదు. 119లో మాత్రం ఎనిమిదేసి వచనాల మీద ఆలెఫ్, బేత్ అని అక్షరాల పేర్లు అచ్చువేశారు, చూడండి: 22 అక్షరాలు, 176 వచనాలు.) 145లో 13, 14 వచనాల మధ్య నూన్ అనే అక్షరం వంతు రాదు.

గ్రీకు, సిరియా, లాటిన్‌లలో అక్కడ ఒక వచనం ఉంది: ప్రభువు తన మాటలన్నిటిలో నమ్మకమైనవాడు, తన పనులన్నిటిలో పరిశుద్ధుడు అని. 1956లో కుమ్రాను 11వ గుహలో దొరికిన కీర్తనల చుట్టలో హీబ్రూలోనే ఆ వచనం కనిపించింది. అందుకే కొన్ని ఇంగ్లీషు బైబిళ్లలో 13వ వచనం చివర రెండు పంక్తులు ఎక్కువ ఉంటాయి. మీ దగ్గరున్న రెండో తెలుగు అనువాదంలోనూ అక్కడే చూడండి.

మరి "తీసేశారు" అనడం సరైనదేనా? తొందరపడకండి. రాతలో ఎక్కడో జారిపోయి ఉండవచ్చు, ఇది చాలామంది ఒప్పుకునే మాట. కానీ ఆ వచనం రెండో సగం 17వ వచనం రెండో సగంతో గ్రీకులో దాదాపు అక్షరాలా ఒకటే. ఖాళీ కనిపించి ఎవరో పూరించారనే వాదన అందుకే ఉంది. పైగా 25, 34 కీర్తనల్లో కూడా అక్షరమాల క్రమం ఉన్నా కనీసం ఒక అక్షరం లేదు. నూన్ ఎందుకు లేదని తాల్ముదు అనే యూదుల గ్రంథంలో రబ్బీలే (యూదు మతబోధకులే) అడిగారు. ఆ అక్షరంతో మొదలయ్యే ఆమోసు 5:2లో ఇశ్రాయేలు కూలిపోవడం ఉంది కనుక అని ఒక జవాబు చెప్పారు. అంటే వాళ్లకాలానికే ఆ వచనం వాళ్ల ప్రతిలో లేదు, దాన్ని వాళ్లు దాచనూ లేదు. నా మొగ్గు జారిపోయిందనే వైపు.

ఆరాధన సంగతి చూడండి. అదే కుమ్రాను చుట్టలో ఈ కీర్తన ప్రతి వచనం తరువాత ప్రభువుకూ ఆయన నామానికీ స్తుతి చెప్పే ఒక పల్లవి రాసి ఉంది. ఒకరు వచనం పాడితే మిగతావాళ్లు పల్లవి అందుకునే పద్ధతి కళ్లముందు కనిపిస్తుంది. యూదులు ఈ కీర్తనను నేటికీ రోజుకు మూడుసార్లు చెబుతారు.

8. ఫలితం సరిచూసుకోవడం

నోటు పుస్తకం మూసి, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి.

- ఈ కీర్తనకు గ్రీకు లెక్కలో నంబరు ఎంత?
- ఎన్ని గొంతులు? ఎక్కడ మారాయి? వచనం నంబరుతో చెప్పాలి.
- సంఘం పలికే మాట ఏది, ఒక్కరు పలికేది ఏది?
- దేవాలయంలోనో, సమాజమందిరంలోనో, చర్చిలోనో దీన్ని వాడిన ఒక సందర్భం.
- మీరు గమనించిన తేడా ఏ రకం? రెండు వైపులా చెప్పగలరా?

చివరి ప్రశ్నకు ఒక వైపే చెప్పగలిగితే ఆరో మెట్టు మళ్లీ చేయండి. ఇంకో పరీక్ష కూడా ఉంది: 14, 53 కీర్తనలను పక్కపక్కన పెట్టండి. దాదాపు ఒకటే పాట. 14:2లో యెహోవా అని ఉన్నచోట 53:2లో దేవుడు అని ఉంటుంది. ఇలాంటి తేడాలు ఇంకా ఎన్ని ఉన్నాయో మీ అంతట మీరే పట్టుకోగలిగితే పద్ధతి చేతికి వచ్చినట్టే. 5వ వచనం దగ్గర తేడా పెద్దది, అక్కడ తప్పకుండా ఆగాలి.

తరచూ జరిగే మరి రెండు పొరపాట్లు

వచనాన్ని తుంచి వాగ్దానంగా గోడకు తగిలించడం ఒకటి. 91:11-12ని అలా తుంచి వాడినవాడు ఎవరో మత్తయి 4:6లో చూడండి, మళ్లీ ఆ పని చేయబుద్ధి కాదు. రెండోది, 151వ కీర్తన పేరు వినగానే కంగారుపడటం. గ్రీకులో అది లెక్క బయట అదనంగా ఉంటుంది, సిరియా భాషలోని కొన్ని ప్రతుల్లో 155 వరకు ఉన్నాయి, వాటిలో మూడింటి హీబ్రూ రూపాలు కుమ్రాను చుట్టలోనే దొరికాయి. ఆర్థడాక్స్ బైబిళ్లలో 151 అచ్చవుతుంది. మీ బైబిల్లో లేకపోతే దాన్ని ఎవరో దొంగిలించినట్టు కాదు.

ఆదివారం చదివే వంతు మీదైతే

శీర్షికను పైకి చదవాలా అనేది మీ సంఘం అలవాటును బట్టి. సెలాను పలకకుండా ఒక ఊపిరి ఆగండి. గొంతులు మారే చోట్ల పెన్సిల్ గీత పెట్టుకోండి. వంతులవారీగా చదివేటప్పుడు వచనం నంబరును బట్టి కాకుండా జంట పంక్తి ముగిసిన చోట వంతు మార్చండి, లేకపోతే 24లో ప్రశ్నా జవాబూ ఒకరి నోటే వచ్చేస్తాయి. సంఘం చేతుల్లో రెండు రకాల అనువాదాలు ఉంటే ముందే ఏది చదువుతామో చెప్పండి, నంబరు రెండు లెక్కల్లోనూ చెప్పండి.